మెట్ట రేగడి: పై రంగు చూచి మోసపోకుడు, లోతు కొలిచి పైరు వేయుడు
(జగ్గయ్యపేట – నందిగామ ప్రాంతపు రైతులకు)



"ఈ నేల మాకు తెలియనిదా అండీ? మా తాత నాటి నుంచీ దున్నుతున్నాము" అని మన రైతులు తరచుగా అనుచుందురు. ఆ మాట నిజమే. కాని నాగలి దున్నునది ఆరంగుళములు మాత్రమే. ప్రత్తి వేరు దిగబోవునది మూడు నాలుగు అడుగులు. ఆరంగుళముల క్రింద ఏమున్నదో చూచినవారు మనలో ఎందరు?

ఈ ప్రశ్న ఎందుకు వేయవలసి వచ్చినదో మీకు తెలియనిది కాదు. సెప్టెంబరు మాసమున పొలము గట్టుపై నిలిచి చూడుడు. గట్టుకు ఇటు ఒకరి ప్రత్తి, అటు వేరొకరి ప్రత్తి. విత్తనము ఒకటే, విత్తిన దినము ఒకటే, వేసిన ఎరువు ఒకటే. పదిహేను దినములు వాన మొగము చాటు చేసినది. ఒక చేను పచ్చగా నిలిచినది. రెండవ చేను మధ్యాహ్నమునకు ఆకు వాల్చి, మొగ్గ, పూత, పిందె రాల్చినది. నష్టపోయిన రైతు విత్తనమును తిట్టును. లేదా ఎరువును, కాని యెడల తన కర్మమును తిట్టును. నిజమైన కారణము అతని కాలి క్రిందనే యున్నది. పచ్చగా నున్న చేనిలో నాలుగడుగుల రేగడి కలదు. వాడిన చేనిలో అడుగు రేగడి, దాని క్రింద సుద్ద. పైకి రెండును నలుపే.

మెట్ట సేద్యములో పెట్టుబడి నిలుచుటయో, మునుగుటయో చాలవరకు ఈ లోతు మీదనే ఆధారపడి యున్నది. కావున మన నేలను మూడు విధములుగా పరిశీలించి తెలిసికొందము: నేల పుట్టుక, పల్లము మెరకల తీరు, వర్షము లెక్క. ఈ మూడును కలిపి చదివినప్పుడే నేల మనకు అర్థమగును.

రేగడి అను పేరు

మన "రేగడి" అను మాటయే ఇంగ్లీషు గ్రంథములలో "రేగూర్" అను రూపమున ప్రపంచమంతట వ్యాపించినది. ఇట్టి నేలలు దక్కను పీఠభూమిలోనే గాక సూడాను దేశపు గెజీరా ప్రాంతమునను, ఇథియోపియా ఎత్తు భూములలోను, ఆస్ట్రేలియా తూర్పు భాగమునను కలవు. నేల శాస్త్రజ్ఞులు వీనిని "వర్టిసాల్" తెగ అందురు. లాటిన్ భాషలో ఆ పేరునకు మూలమైన మాటకు "తిరగవేయుట" అని అర్థము. వేసవిలో రేగడి ఎండి బీటలు వారును. పై మన్ను ఆ బీటలలో పడును. వాన కురియగానే బంకమన్ను ఉబ్బి, క్రింది మన్నును పైకి త్రోయును. ఈ విధముగా నేల తన్ను తానే తిరగవేసికొనును.

ఇట్లు ఉబ్బి కుంచించుకొను గుణమునకు కారణము ఇందలి మెత్తని బంకమన్ను. నూటికి ముప్పది పాళ్లకు తక్కువ కాకుండ బంకమన్ను ఉన్నగాని దానిని ఈ తెగలో చేర్చరు. నలుపును చూచి సారము అధికమని భావించుట పొరపాటు. ఈ నేలలలో సేంద్రియ పదార్థము సాధారణముగా స్వల్పము. నత్రజని, భాస్వరము, జింకు తరచుగా కొరవడును. పొటాషు మాత్రము మెండుగా నుండును. రేగడికి గల నిజమైన బలము నలుపులో లేదు. తేమను దాచుకొను శక్తిలో కలదు. ఆ శక్తి లోతును బట్టి యుండును.

మన ప్రాంతపు పుట్టుక

జగ్గయ్యపేట, నందిగామ తాలూకాలు చిరకాలము కృష్ణా జిల్లా మెట్ట భాగముగా నుండి, 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. దక్షిణమున కృష్ణానది కలదు. ఉత్తరము నుండి పాలేరు, మున్నేరు దిగి వచ్చి కృష్ణలో కలియుచున్నవి. జగ్గయ్యపేట వైపున సున్నపురాయి, పలక రాయి పొరలు విస్తారముగా కలవు. సిమెంటు కర్మాగారములు ఇచ్చట వెలయుటకు ఆ రాయియే కారణము. తూర్పునకు, ఉత్తరమునకు పోవు కొలది నల్లరాతి జాతికి చెందిన గట్టిరాయి కనబడును.

సున్నపురాయి చివికిన చోట సున్నము గల నల్లమన్ను ఏర్పడును. గట్టిరాయి చివికిన మెరకపై ఎర్రనేల, గరుసు నేల ఏర్పడును. ఆ రాతిలోని సన్నని బంకమన్నును, సున్నపు సారమును వాన నీరు క్రమముగా పల్లమునకు దించుటచే అచ్చట కూడ రేగడి ఏర్పడును. కావున ఒకే గ్రామములో రెండు మూడు జాతుల నేలలు ప్రక్క ప్రక్కన నుండుట వింత కాదు.

మెరక నుండి వాగు వరకు

ఒక దినము తీరికగా మీ గ్రామపు మెరక నుండి వాగు వరకు నడచి చూడుడు. నడచుచున్నంత సేపు కాలి క్రింద నేలను గమనింపుడు.

మెరకపై ఎర్రమన్ను, గులకరాళ్లు. ఇచ్చటి మన్ను వానకు కొట్టుకొని పోవుచునే యుండును గాన లోతు స్వల్పము. కొంత దిగగానే మన్ను నల్లబడును. ఇదియే మోసపుచ్చు భాగము. దున్నినప్పుడు తెల్లని సున్నపు గుళ్లు పైకి వచ్చుచున్న యెడల, క్రింద అడుగు, అడుగున్నర లోతునే సుద్దయో, రాయియో ఉన్నదని అనుమానింపవలెను. మరి కొంత దిగగానే వాలు తగ్గును. బీటలు వెడల్పుగా, లోతుగా కనబడును. ఇచ్చట మూడు నాలుగు అడుగుల రేగడి ఉండును. చివరకు వాగు ఒడ్డున ఒండ్రు, ఇసుక కలసిన నేల. ఆ పల్లములో నీరు వీడని చోట తెల్లని పొర పేరుకొన్నచో అది చౌడునకు సూచన.

అనగా నేల లోతును మొదట చెప్పునది వాలు. పై నుండి పోయిన మన్నే క్రింద చేరినది. మెరక చేనికి పల్లపు చేని పద్ధతి పనికిరాదు.

వర్షము లెక్క

మన మెట్టకు ఏడాదికి సగటున సుమారు 900 నుండి 1000 మిల్లీమీటర్ల వర్షము కురియును. ఇందు ఇంచుమించు మూడింట రెండు వంతులు జూన్ నుండి సెప్టెంబరు వరకు గల నైరుతి ఋతువులోనిదే. సగటు చూచిన కొరత లేదు. కాని పైరు సగటు వాన త్రాగి బ్రతుకదు. వాన వానకు నడుమ గల ఎండలో బ్రతుకవలెను.

2023 సంవత్సరమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. జూలై చివరి వారమున మున్నేరు పొంగి, నందిగామ దగ్గర ఐతవరము వద్ద హైదరాబాదు – విజయవాడ రహదారిపైకి వచ్చి రాకపోకలు నిలిచిపోయినవి. ఆ తరువాతి నెలయే, దేశమంతటిని కలిపి చూచినచో, 1901 నుండి లెక్కలున్న ఆగష్టు నెలలలో కెల్ల తక్కువ వాన కురిసిన ఆగష్టు. ఒకే పైరు ఒకే ఋతువులో మునకయు చూచినది, కరవును చూచినది. 2024 ఆగష్టు చివర, సెప్టెంబరు మొదట మున్నేరు మరల పొంగినది. ఇట్టి వానలను మనము మార్చజాలము. రెంటికిని తట్టుకొను పంటను, పద్ధతిని ఎన్నుకొనుట మాత్రము మన చేతిలో కలదు.

ఎండ సంగతియు మరువరాదు. నందిగామలో వేసవియందు 45 డిగ్రీలు దాటిన దినములు కలవు. ఆ ఎండకు నేల బీటలు వారి, నిలువ తేమ అంతయు ఆవిరియగును. కావున తొలకరి నాటికి మన నేల ఖాళీ కొట్టు వంటిది. అందుచేతనే ఎర్రనేలలో 50–60 మిల్లీమీటర్ల వాన పడిన తరువాతను, రేగడిలో 60–75 మిల్లీమీటర్ల వాన పడి పదను చక్కగా కుదిరిన తరువాతను మాత్రమే ప్రత్తి విత్తవలెను. మొదటి జల్లు రేగడి బీటలలోనికి పోవును. పైన తడి కనబడినను గింజ చుట్టు తేమ నిలువదు. తొందరపడి విత్తి రెండవసారి విత్తనము కొనుట అనేకులకు అనుభవమే.

లోతు అనగా ఎన్ని దినముల తిండి?

ఇప్పుడు లెక్క వేయుదము. ఒక అడుగు లోతు గల రేగడి, పైరు పీల్చుకొనగల తేమను సుమారు 45–50 మిల్లీమీటర్లు దాచుకొనును. ఇసుక పాలు గల ఎర్రనేల అడుగునకు సుమారు 30 మిల్లీమీటర్లు దాచుకొనును. పూత దశలోని ప్రత్తి దినమునకు సుమారు 5 మిల్లీమీటర్లు ఖర్చు చేయును.

అడుగు లోతు రేగడి: 9–10 దినముల తిండి.
రెండడుగుల రేగడి: 18–20 దినములు.
నాలుగడుగుల రేగడి: 36–40 దినములు.
రెండడుగుల ఎర్రనేల: సుమారు 12 దినములు.

దాచిన తేమలో సగమునకు పైగా ఖర్చు కాగానే పైరు బడలిక చూపును. కాన అడుగు లోతు చేనిలో వారము దినములు వాన లేకున్నను పూత రాలుట ప్రారంభమగును. ముందు చెప్పిన రెండు చేల కథ ఇదియే. రెండు చేలపై కురిసిన వాన ఒకటే. దాచుకొను గాదెలు వేరు. చిన్న గాదెలో పోసిన గింజలు పొర్లి పోవును గాని నిలువయుండవు గదా!

కాగితములలో ఏమి కలదు?

గ్రామాధికారులు ఇచ్చట ఒక ప్రశ్న వేయవచ్చును. "సర్వే లెక్కలలో నేల తరము వ్రాసి యున్నది గదా, అది చాలదా?" అని.

ఈ ప్రాంతములో చాల భాగము పూర్వము జమీందారీ భూములు. 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టము తరువాత అవి రైత్వారీ సెటిల్‌మెంటులోనికి వచ్చినవి. ఆ సెటిల్‌మెంటు పద్ధతిలో నేలలను రేగడి, ఎర్ర, ఇసుక మొదలగు తెగలుగా విభజించి, తరములు నిర్ణయించి శిస్తు కట్టిరి. అది శిస్తు కొరకు చేసిన విభజన. నేల ఏ తెగదో తెలిసికొనుటకు నేటికిని పనికివచ్చును. సుద్ద ఎన్ని అడుగుల క్రింద నున్నదో చెప్పదు.

రెండవది నేల సర్వే పటము. నేలల సర్వేకై నాగపూరు నగరమున 1976లో జాతీయ సంస్థ ఏర్పడినది. సర్వే వారు గుంటలు త్రవ్వి, పొరపొరకు రంగు, బంక, సున్నము, లోతు వ్రాసికొని, ఒక తీరున నున్న నేలలను ఒక శ్రేణిగా చేర్చి, సాధారణముగా ఆ నేల కనబడిన గ్రామము పేరు పెట్టుదురు. పటాన్‌చెరువు ఇక్రిశాట్ క్షేత్రములోని లోతు రేగడికి కాసిరెడ్డిపల్లి శ్రేణియని, అచ్చటి ఎర్రనేలకు పటాన్‌చెరువు శ్రేణియని పేర్లు. ఒకే క్షేత్రములో రెండు శ్రేణులుండుట గమనింపుడు. ఈ పటములలో లోతు కూడ చూపబడును. కాని రాష్ట్రమంతటికి గీసిన 1:2,50,000 కొలత పటములో ఒక సెంటీమీటరు అనగా రెండున్నర కిలోమీటర్లు. ఒక చదరపు సెంటీమీటరులో 625 హెక్టార్లు ఇమిడి యుండును. అందు మీ నాలుగెకరములు సూదిమొన యంత కూడ కాదు.

మూడవది 2015 ఫిబ్రవరిలో ప్రారంభమైన పథకము క్రింద ఇచ్చు భూసార పరీక్ష కార్డు. ఉదజని సూచిక, లవణములు, సేంద్రియ కర్బనము, నత్రజని, భాస్వరము, పొటాషు, గంధకము, సూక్ష్మ ధాతువులు కలిపి 12 అంశములు ఇందు ఉండును. ఎరువుల మోతాదునకు ఇది మిక్కిలి ఉపయోగకరము. కాని మట్టిని ఆరంగుళముల లోతు నుండి తీయుదురు. పథకము మొదట పెట్టినపుడు మెట్టలో 10 హెక్టార్లకు, నీటివసతి గల చోట రెండున్నర హెక్టార్లకు ఒక నమూనా చొప్పున తీసిరి. కావున ఆ కార్డులోని మట్టి మీ చేనిది కాక, ప్రక్క చేనిదియు కావచ్చును.

ఈ మూడును అవసరమే. అయితే మీ చేని లోతును వ్రాసిన కాగితము మాత్రము మీ ఇంట లేదు. దానిని మీరే వ్రాసికొనవలెను.

గుంట త్రవ్వి చూచు విధము

ఇందుకు గడ్డపార, పలుగు, ఒక పూట తీరిక చాలును. వేసవి చివర, తొలకరికి ముందు త్రవ్వుట మంచిది.

1. చేనిలో మెరక భాగమున ఒకటి, నడుమ ఒకటి, పల్లమున ఒకటి, మూడు గుంటలు త్రవ్వవలెను. గట్టు ప్రక్కను, చెట్టు క్రిందను, పెంట వేసిన చోటను త్రవ్వరాదు.

2. మూడడుగుల చదరమున, నాలుగడుగుల లోతు వరకు త్రవ్వుడు. ముందే సుద్దయో, రాయియో తగిలినచో ఆపి, ఆ లోతును కొలిచి వ్రాసికొనుడు. సుద్ద పైన నున్న మన్నే మీ గాదె.

3. ఎండ తగులు ప్రక్కను కత్తితో గీకి పొరలు చూడుడు. రంగు ఎచ్చట మారినది, వేళ్లు ఎచ్చట నిలిచిపోయినవి గమనింపుడు. పాత పైరు వేళ్లు ఏ లోతున ప్రక్కకు తిరిగినవో, కొత్త పైరు వేళ్లును అచ్చటనే తిరుగును.

4. ప్రతి పొర నుండి పిడికెడు మన్ను తీసి తడిపి, అరచేతుల నడుమ త్రాడుగా చేయుడు. విరుగక ఉంగరముగా వంగినచో బంకమన్ను. త్రాడు కాకుండ రాలిపోయినచో ఇసుక పాలు ఎక్కువ.

5. తెల్లని గుళ్లను పొడి చేసి నిమ్మరసము పిండుడు. సన్నని నురుగు వచ్చినచో అది సున్నము.

6. లోతు రేగడిలో మూడవ అడుగున మన్నుగడ్డలను విరిచిన, నూనె రాచినట్లు నిగనిగలాడు జారుడు ముఖములు కనబడును. నేల ఉబ్బి ఒకదానిపై ఒకటి ఒరసికొనిన గుర్తులవి. అవి కనబడినచో మీది అసలైన లోతు రేగడి.

చూచిన పిదప గుంటలు పూడ్చుట మరువకుడు. పశువులు, పిల్లలు పడు ప్రమాదము కలదు.

లోతును బట్టి పైరు

అడుగున్నర లోపు: వానాధారముగా ప్రత్తి, మిరప ఇచ్చట వేయుట జూదమాడుటయే. పెసర, మినుము వంటి స్వల్పకాల పంటలు, కొర్ర, ఆముదము, స్వల్పకాలపు కంది అనుకూలము. వాలునకు అడ్డముగా దున్ని, గట్లు వేసి మన్నును నిలుపవలెను. చెరువు మట్టి దొరికినచో ముందుగా ఈ చేలకే తోలుడు. నీరు నిలువని సున్నపు నేలలలో సుబాబులు తట్టుకొనును గాన ఈ ప్రాంతమున అనేకులు ఆ తోటలు పెంచుచున్నారు. అమ్మకము సంగతి ముందే విచారించుకొని పెంచవలెను.

అడుగున్నర నుండి మూడడుగుల వరకు: ప్రత్తి వేయవచ్చును గాని ఒంటి పైరుగా కాక కందితో కలిపి వేయుట క్షేమము. ఒకటి దెబ్బ తినినను రెండవది ఆదుకొనును. పూత దశలో ఒక తడి ఇచ్చు వసతి యున్నచో మొక్కజొన్న, మిరప కూడ పండును.

మూడడుగులకు పైన: ప్రత్తి, మిరప నిలుచును. ఖరీఫులో పెసర తీసి, అక్టోబరు – నవంబరులో నిలువ తేమపై శనగ వేయవచ్చును. అయితే ఇచ్చట శత్రువు కరవు కంటె మునక.

మునక సంగతి

బీటలు మూసికొని పూర్తిగా తడిసిన రేగడి గంటకు ఒక మిల్లీమీటరు నీటిని కూడ ఇంకించుకొనలేదు. మిగిలిన నీరు పైననే నిలిచి, వేళ్లకు గాలి అందక ప్రత్తి ఎర్రబడి వాలిపోవును. అందుచేత లోతు రేగడిలో మురుగు కాలువ లేని సేద్యము సగము సేద్యమే.

పటాన్‌చెరువు ఇక్రిశాట్ క్షేత్రములో 1976 నుండి లోతు రేగడిపై ఒక దీర్ఘకాల ప్రయోగము జరిపిరి. 105 సెంటీమీటర్ల వెడల్పు మడి, ప్రక్కన 45 సెంటీమీటర్ల కాలువ, నూటికి అర వంతు మాత్రమే వాలు. ఎండునేల దుక్కి, మిశ్రమ పంట, తగిన ఎరువు కూడ పాటించిరి. ఏటేట సగటున హెక్టారునకు సుమారు 5 టన్నుల గింజ రాగా, పాత పద్ధతిలో సుమారు ఒక టన్ను మాత్రమే వచ్చినది. మన ట్రాక్టరు బోదె సాధనములతోను ఇట్టి మడులు చేయవచ్చును.

మునిగిన చేనికి మొదట నీరు తీయవలెను, మందు తరువాత. నేల కొంత ఆరగానే లీటరు నీటికి 20 గ్రాముల యూరియా కలిపి చల్లినచో పైరు తేరుకొనును.

1967లో సాగరు నీరు కాలువలలో పారుట మొదలైన తరువాత ఎడమ కాలువ క్రింద ఈ ప్రాంతమునకును ఆయకట్టు ఏర్పడినది. ఆరుతడి అనగా తడి ఆరిన తరువాత ఇచ్చు తడి యని అర్థము. రేగడికి నిండుగా కట్టినచో క్రింది లవణములు పైకి వచ్చి చౌడు ఏర్పడు ప్రమాదము కలదు. సాళ్లలో తేలిక తడులు ఇచ్చుటయే మేలు. చౌడు తగిలినచో పరీక్ష చేయించి, చెప్పిన మోతాదులోనే జిప్సము వేయవలెను.

కౌలుదారులకు ఒక మాట

లోతు తెలియకపోవుట వలన మిక్కిలి నష్టపోవువాడు కౌలు రైతు. నల్లని నేల కనబడగానే లోతు రేగడి ధరకు కౌలు ఒప్పుకొనును. సెప్టెంబరులో గాని నిజము తెలియదు. అప్పటికి కౌలు ధాన్యమో, రొక్కమో ఇచ్చి యుండును, అప్పు మిగులును. పశువును కొనునపుడు పండ్లు పట్టి చూచుట మన ఆచారము. పొలము కౌలునకు పట్టునపుడు గుంట త్రవ్వి చూచుటయు ఆచారము కావలెను. భూస్వామి ఇందుకు కోపింపనక్కర లేదు. తగిన పైరు వేసినవాడే కౌలు సక్రమముగా చెల్లించును.

గ్రామ రెవెన్యూ అధికారులకు, గ్రామ వ్యవసాయ సహాయకులకు నా మనవి యొకటి. ప్రతి గ్రామములో మెరక నుండి వాగు వరకు నొక వరుసలో ఐదారు గుంటలు త్రవ్వించి, సర్వే నంబరు వారీగా లోతు వ్రాసి గ్రామమునందు వ్రేలాడదీయుడు. ఒక వేసవిలో రెండు దినముల పని అది. సందేహములున్నచో జగ్గయ్యపేట మండలము గరికపాడులోని కృషి విజ్ఞాన కేంద్రము శాస్త్రజ్ఞులను సంప్రదింపుడు.

నేల విడిచి సాము చేయరాదని మన పెద్దలు చెప్పిరి. నేలను ఎరుగక సేద్యము చేయుటయు అట్టిదే. రాబోవు తొలకరికి ముందు, విత్తనము కొనుటకు బజారునకు పోవు దినమునకు ముందు, ఒక్క పూట మీ చేనిలో గుంట త్రవ్వుడు. విత్తనపు సంచి మీద వ్రాసినది కంపెనీ మాట. గుంట ప్రక్కన పొరలలో వ్రాసి యున్నది మీ నేల మాట. రెండవదానిని మొదట చదివి, ఆ తరువాత సంచి కొనుడు.